ఆ ప్రయోగంలో నేనూ ఒక వస్తువునే

బాయిల్ నియమం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను. ఇంటర్మీడియట్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఉష్ణోగ్రత మారనంతసేపు, వాయువు మీద పీడనం రెట్టింపైతే దాని ఘనపరిమాణం సగమవుతుందని ఏటా బోర్డు మీద రాశాను, గ్రాఫు గీశాను, లెక్కలు చేయించాను, పేపర్లు దిద్దాను. అలాంటి నేను సముద్రంలో ఆ నియమాన్ని కళ్లారా చూస్తూ, అది నా ఊపిరితిత్తులకూ వర్తిస్తుందన్న సంగతి మరిచిపోయాను. ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ఈ సంగతి ఇంతకాలం ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. తెలియక చేస్తే పొరపాటు. తెలిసి, నలుగురికీ నేర్పి, మళ్లీ అదే చేస్తే దాన్ని మూర్ఖత్వం అనే అనాలి. దాన్ని దాచుకుంటే ఇంకెవరైనా ఇదే పని చేస్తారేమోనన్న భయంతో రాస్తున్నాను.

దీనికి మూలం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. "సార్, గాలి నలగడం కంటితో చూడొచ్చా?" అన్నాడు. ల్యాబ్‌కి తీసుకెళ్లి, ఒక కొస మూసేసి మధ్యలో పాదరసం చుక్క ఉన్న సన్నని గాజు గొట్టం చూపించాను. నిలబెడితే చుక్క కాస్త జరుగుతుంది, తలకిందులు చేస్తే మరికాస్త. ఆ అబ్బాయి చూసి తలూపాడు, అంతే. వాడి ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు. ఆ వెలితి నాలో ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు, సముద్రంలో స్కూబా డైవర్లు మామూలు వస్తువులు పట్టుకెళ్లి పీడనం వాటిని ఏం చేస్తుందో చూసే వీడియోలు నా కంటబడ్డాయి. కోడిగుడ్డు పగలగొడతారు, ఖాళీ సీసాలు తీసుకెళ్తారు, బంతులు తీసుకెళ్తారు. నేను వెతుకుతున్న ల్యాబ్ అదేననిపించింది. అండమాన్‌లో హేవ్‌లాక్ వెళ్లాను. 2018 నుంచి ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్. అక్కడ స్కూబా కోర్సు చేశాను. 18 మీటర్ల వరకు దిగడానికి అనుమతి ఇచ్చే మొదటి స్థాయి కోర్సు అది. ఆ కోర్సులో అన్నిటికంటే ముందు చెప్పే నియమం ఒకటే: నీళ్లలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, పీలుస్తూ వదులుతూనే ఉండాలి. రాత పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. కారణాలతో సహా సరిగ్గా రాశాను.

కోర్సు అయ్యాక, ప్రయోగాల కోసం దిగినప్పుడు నాతో వచ్చిన గైడు కుర్రాడు పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. వాళ్ల పెద్దవాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడ్డారట. నా సంచిలో చిప్స్ ప్యాకెట్, ఖాళీ లీటరు నీళ్ల సీసా, నీళ్లు నింపిన ఇంకో సీసా, టెన్నిస్ బంతి, టమాటా, కోడిగుడ్డు, రబ్బరు బుడగలు ఉన్నాయి. ఫ్యూజు పోయిన బల్బు కూడా పెట్టుకున్నాను. పడవ మీదే అతను సంచి వెతికి బల్బు తీసేశాడు. "గాజొద్దు సార్. నీళ్లలో పగిల్తే ముక్కలెవులు ఏరతారు?" అన్నాడు. నాకు మనసులో కోపం వచ్చింది. మంచి ప్రయోగం ఒకటి పోయిందనుకున్నాను.

దిగడం మొదలుపెట్టాం. సముద్రమట్టం దగ్గర గాలి మన ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ దాదాపు కిలో బరువు మోపుతుంది. సముద్రపు నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఇంకో అంత తోడవుతుంది. 10 మీటర్ల దగ్గర రెండు రెట్లు, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు. ముందు లొంగింది చిప్స్ ప్యాకెట్. పైన ఉబ్బుగా ఉన్నది దిగుతున్నకొద్దీ ముడతలు పడి, చివరికి రేకు చిప్స్‌కి అంటుకుపోయి లోపలి ఒక్కో ముక్క ఆకారం బయటికి తేలింది. మూత బిగించిన ఖాళీ సీసా చిటపటమంటూ మెలితిరిగి చెరుకు పిప్పిలా అయింది. టెన్నిస్ బంతి ఒక పక్క సొట్టపడింది. నీళ్లు నింపిన సీసా మాత్రం పైన ఎలా ఉందో అడుగునా అలాగే ఉంది. టమాటా కూడా అంతే. ఎరుపు వెలుగును నీరు పైనే మింగేస్తుంది కాబట్టి రంగు మాత్రం చచ్చిపోయి గోధుమరంగులోకి తిరిగింది. నలిగేది గాలి, నీరు కాదు. 1662లో రాబర్ట్ బాయిల్ అచ్చువేసిన ఆ సంబంధం నా అరచేతిలో జరుగుతోంది. ఆ ఆనందం ఇంతా అంతా కాదు. ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి పక్కన ఉంటే బాగుండుననిపించింది.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. పైన లీటరు ఉన్న గాలి 10 మీటర్ల దగ్గర అర లీటరు. 20 దగ్గర 333 మిల్లీలీటర్లు. 30 దగ్గర పావు లీటరు. 40 దగ్గర 200 మిల్లీలీటర్లు. పీడనం ఒకే తీరున పెరుగుతున్నా, గాలి నలగడంలో పెద్ద భాగం మొదటి 10 మీటర్లలోనే జరిగిపోతుంది. అంటే పైకొచ్చేటప్పుడు గాలి ఉబ్బడంలోనూ పెద్ద భాగం చివరి 10 మీటర్లలోనే. నీటిమట్టానికి దగ్గరయ్యాం కదా, గండం గడిచిందని మనసు ఊరట చెందే చోటే ప్రమాదం ఎక్కువ. ఈ లెక్క నేను నోటితో చెప్పగలను. ఇందులో నాకు తెలియనిది ఏదీ లేదు.

నా ఒళ్లు కూడా నాకు ముందే చెప్పింది. దిగుతూ సీసా వైపే చూస్తూ ఉండిపోయి, ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదుకోవడం ఆలస్యం చేశాను. కర్ణభేరి లోపలికి నొక్కుకుని పోటు పెట్టింది. గైడు ఆపి, కాస్త పైకి తీసుకెళ్లి, చెవులు తెరుచుకున్నాక మళ్లీ దించాడు. ముఖం మీది మాస్కులో గాలి కూడా నలిగి, అద్దం కళ్ల చుట్టూ చర్మాన్ని పీల్చుకుంది. ముక్కుతో కొంచెం గాలి వదలమని సైగ చేశాడు. సాయంత్రం అద్దంలో చూసుకుంటే కళ్ల చుట్టూ ఎర్రటి గుండ్రటి గుర్తులు. చెవిలో గాలి, మాస్కులో గాలి, సీసాలో గాలి అన్నీ ఒకటే. రెండుసార్లు నా ఒంటి మీదే రుజువైనా, వాటిని చిన్న ఇబ్బందులుగానే తీసుకున్నాను. ప్రయోగం నా చేతిలోని వస్తువుల మీద జరుగుతోందనే నా నమ్మకం.

అడుగున ఇసుక మీద మోకాళ్లూని గుడ్డు పగలగొట్టాను. పెంకు తీసేశాక తెల్లసొన, పచ్చసొన విడిపోలేదు. గుండ్రంగా, నిదానంగా ఊగుతూ నా రెండు చేతుల మధ్య తేలింది. చూసినవాళ్లంతా పీడనమే దాన్ని పట్టి ఉంచిందంటారు. పైకొచ్చాక నేనూ పడవలోని వాళ్లకు అదే చెప్పాను. అది తప్పు. పీడనం అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది, గుడ్డు లోపలా అదే పీడనం ఉంటుంది. నాలుగు వైపులా సమానంగా ఉన్న ఒత్తిడి దేన్నీ కట్టి ఉంచదు. గుడ్డు సాంద్రత నీటి సాంద్రతకు దగ్గర. పళ్లెంలో దాన్ని చదును చేసే బరువును ఇక్కడ నీరు మోస్తోంది. సొన చిక్కదనం, పచ్చసొన చుట్టూ ఉండే పలచటి పొర మిగతా పని చేస్తాయి. నడుము లోతు నీళ్లలో జాగ్రత్తగా పగలగొట్టినా దాదాపు ఇదే కనబడాలి. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి అయ్యుండి, నలుగురూ అన్నమాట నిలబడి ఆలోచించకుండా అప్పజెప్పాను. ఆ చిన్న తప్పుకీ, పైకొస్తూ చేసిన పెద్ద తప్పుకీ వేరు ఒకటే. కళ్ల ముందు జరిగే వింత మనిషిని ఆలోచించనివ్వదు.

ఇక బుడగ సంగతి. అడుగున, సిలిండర్ గాలి పీల్చుకునే అదనపు రెగ్యులేటర్‌తో ఒక రబ్బరు బుడగలో గాలి నింపి ముడివేశాను. పట్టుకుని పైకెళ్తుంటే అది ఉబ్బుతుంది, నేను ఫోన్‌లో వీడియో తీస్తాను, క్లాసులో చూపిస్తాను. ఇదీ నా ఆలోచన. 18 మీటర్ల దగ్గర పీడనం పైన ఉన్నదానికి 2.8 రెట్లు కాబట్టి, అక్కడ రెండు లీటర్లు ఉన్న బుడగ పైకొచ్చేసరికి ఐదున్నర లీటర్లు దాటాలి. నేను లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది. బుడగ ఎన్ని లీటర్లు ఉంటే దాదాపు అన్ని కిలోల బలంతో మనిషిని పైకి లాగుతుంది. అది పెరిగేకొద్దీ లాగుడూ పెరుగుతుంది. తేలడానికి ఒంటి మీద వేసుకున్న జాకెట్‌లోని గాలి కూడా అదే సమయంలో ఉబ్బుతుంది. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రావాల్సినవాణ్ణి, ఎంత వేగంగా వస్తున్నానో గమనించుకోలేదు. నా చూపంతా బుడగ మీదే.

బుడగ నిజంగా అందంగా పెరిగింది. రబ్బరు పలచబడి, పై నుంచి వచ్చే వెలుగు దాని గుండా కనబడింది. అయితే నేను వదిలే గాలి బుడగలు ఫోన్‌కి అడ్డం వస్తున్నాయి. ఊపిరి వదిలిన ప్రతిసారీ దృశ్యం చెదిరిపోతోంది. వీడియో శుభ్రంగా రావాలని గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టాను. అప్పటికి 10 మీటర్ల దగ్గర ఉన్నాను. పైకి పోతూనే ఉన్నాను.

ఛాతీలో బరువు మొదలైంది. ఆయాసం కాదు. గాలి చాలకపోవడం వేరు, గాలి ఎక్కువవడం వేరు. లోపలి నుంచి పక్కటెముకలను ఎవరో తోస్తున్నట్టు అనిపించింది. ఆ సమయంలో కూడా నాకు బుద్ధి రాలేదు. ఇంకొక్క క్షణం, బుడగ పగిలేదాకా అనుకున్నాను. అంతలో గైడు నా జాకెట్ పట్టుకుని కిందికి లాగాడు. ఒక చేత్తో జాకెట్‌లో గాలి వదిలేస్తూ, రెండో చేత్తో పక్కటెముకల కింద గట్టిగా పొడిచాడు. నా నోట్లోంచి గాలి ఒక్కసారిగా బయటికి పోయింది. ఎంత గాలి పోయిందో, ఎంతసేపు పోయిందో నాకు ఇప్పటికీ గుర్తే. బుడగ నా చేతిలోంచి జారి పైకెళ్లి పగిలింది. 5 మీటర్ల దగ్గర మామూలుగా ఆగే మూడు నిమిషాలూ అతను నా భుజం వదల్లేదు. నేను ఊపిరి వదిలిన ప్రతిసారీ తలూపుతూ నా ముఖంలోకే చూస్తున్నాడు.

పడవెక్కాక అతను గట్టిగా అరవలేదు. "బుడగ పగిల్తే ఇంకోటి కొనుక్కోవచ్చు సార్. మీ ఊపిరితిత్తి పగిల్తే మీ ఇంటోలకి నేనేటి చెప్పాలి? నీళ్లల్లో ఊపిరి ఒగ్గుతా ఉండాలి. అదొక్కటే కదా మీకు ముందు చెప్పింది" అన్నాడు. నా కొడుకు వయసువాడు. అతని చేతులు వణుకుతున్నాయి. దీవిలో డాక్టరుకు చూపించుకున్నాను. దెబ్బేమీ తగల్లేదన్నారు. నా ప్రాణం దక్కింది అతని వల్లే.

ఏం జరిగి ఉండేదో తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. 10 మీటర్ల దగ్గర ఐదు లీటర్ల గాలి పీల్చి బిగబడితే, పైకొచ్చేసరికి అది పది లీటర్లు కావాలి. ఎదిగిన మగమనిషి ఊపిరితిత్తుల్లో పట్టేది సుమారు ఆరు లీటర్లు. వాటిలోని గాలి తిత్తుల గోడలు చాలా పలచన. నిండా గాలితో ఊపిరి బిగబట్టి ఒక మీటరుకు కాస్త ఎక్కువ పైకొచ్చినా అవి చిరగొచ్చు. చిరిగితే గాలి రక్తనాళాల్లోకి దూరి మెదడుకు చేరుతుంది. మనిషి నీటి మీదికి రాగానే స్పృహ తప్పవచ్చు, పక్షవాతం రావచ్చు, చనిపోవచ్చు. మళ్లీ పీడనం పెంచే ప్రత్యేకమైన గదిలో పెట్టడమే వైద్యం. అది అన్ని చోట్లా చేతికందే దూరంలో ఉండదు. సముద్రమే కానక్కర్లేదు, ఈత కొలనులోనూ ఇలాంటి మరణాలు జరిగాయి. ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి దూకేవాళ్లకు ఈ ప్రమాదం లేదు. వాళ్లు పైన పీల్చిన గాలి పైకొచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికి వస్తుంది, అంతే. అడుగున సిలిండర్ గాలి పీల్చేవాడి సంగతి వేరు. అతను ఆ లోతు పీడనాన్ని గుండెల్లో నింపుకుంటాడు.

ఎందుకిలా చేశానని చాలా ఆలోచించాను. 30 మీటర్లు దాటితే నైట్రోజన్ మత్తు మనిషి వివేకాన్ని మందగింపజేస్తుంది. 1943లో ఎమిల్ గాన్యాన్‌తో కలిసి ఆక్వాలంగ్ అనే స్కూబా పరికరాన్ని తయారుచేసిన జాక్ కూస్తో ఆ మత్తు గురించి తన అనుభవంతో రాశాడు. నాకు ఆ సాకు లేదు. నేను అంత లోతుకు వెళ్లనే లేదు. నా జబ్బు ల్యాబ్ అలవాటు. ల్యాబ్‌లో వాయువు గాజు గొట్టంలో ఉంటుంది, నేను బయట ఉంటాను. పీడనం దానికి, కొలత నాకు. సముద్ర పరిశోధన ఓడల్లోనూ అంతే. థర్మాకోల్ కప్పుల మీద పేర్లు రాసి, వల సంచిలో కట్టి, పరికరాలతో పాటు వేల మీటర్ల లోతుకు దింపుతారు. థర్మాకోల్‌లోని గాలి గదులు నలిగిపోయి, చేతి వేలికి తొడిగేంత చిన్న కప్పులై తిరిగొస్తాయి. కప్పు వెళ్తుంది, మనిషి ఓడ మీదే ఉంటాడు. స్కూబా డైవర్‌కు ఆ బయట అనేది లేదు. వస్తువు ఎంత పీడనంలో ఉందో చూసేవాడూ అంతే పీడనంలో ఉన్నాడు. ఆ ప్రయోగంలో చిప్స్ ప్యాకెట్, సీసా, బుడగతో పాటు నేనూ ఒక వస్తువునే.

అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి చోట ఎలా నడుచుకున్నారో తర్వాత చదివి తెలుసుకున్నాను. విలియం బీబ్ 1930లలో బెర్ముడా దగ్గర బాతిస్ఫియర్ అనే ఉక్కు గోళంలో దిగి, 1934లో 923 మీటర్ల లోతు చూశాడు. 1932లో మనుషులు లేకుండా దింపిన ఒక పరీక్షలో గోళం లీకై, నీటితో నిండి, లోతులోని పీడనాన్ని లోపల బంధించుకుని పైకొచ్చింది. బీబ్ దాన్ని తెరిచేముందు ఎదురుగా ఉన్నవాళ్లందరినీ పక్కకు తప్పించాడు. మర వదులు చేయగానే బరువైన ఇత్తడి బోల్టు డెక్కు మీదుగా దూసుకుపోయింది. ఎవరికీ తగల్లేదు. లోతు నుంచి తెచ్చేది ఏదైనా ఆ లోతు పీడనాన్ని వెంట తెస్తుందని అతనికి ఎప్పుడూ గుర్తుంది.

బల్బు తీసేసినందుకు కోపగించుకున్నానని చెప్పాను కదా. జపాన్‌లో కమియోకా గని లోపల సూపర్ కమియోకాండే అనే న్యూట్రినో ప్రయోగశాల ఉంది. దాని పెద్ద నీటి తొట్టి లోపల అర మీటరు వెడల్పున్న గాజు గొట్టాలు పదకొండు వేలకు పైగా అమర్చారు. 2001 నవంబర్ 12న నీళ్లు నింపుతుండగా వాటిలో ఒకటి లోపలికి కుప్పకూలింది. ఆ దెబ్బ అల నీటిలో పాకి పక్కది పగిలింది, దాని దెబ్బకు మరొకటి. చూస్తుండగా ఆరు వేలకు పైగా పగిలిపోయాయి. తొట్టి లోతు 40 మీటర్లకు కాస్త ఎక్కువ. ఖాళీ గాజు నీటి అడుగున పగిలితే ఏమవుతుందో పెద్ద శాస్త్రవేత్తలే అంత ఖర్చుతో నేర్చుకున్నారు. ఆ కుర్రాడు పుస్తకం చదవకుండానే నాకంటే ముందు చెప్పాడు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పగిలిన బుడగ ముక్కల కోసం అతను మళ్లీ నీళ్లలోకి దిగి వెతికాడు. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. అవి తాబేళ్లు తిరిగే నీళ్లు. రబ్బరు ముక్కను ఆహారమనుకుని మింగిన తాబేలుకు నా వీడియోతో పనిలేదు. సముద్రాన్ని నా ల్యాబ్ అనుకున్నాను, దానిలో కాపురముంటున్న జీవాలను తలచుకోలేదు.

తిరిగొచ్చాక క్లాసులో సూది తీసేసిన పెద్ద సిరంజి చూపించాను. లోపల చిన్న బుడగ పెట్టి, మూతిని బొటనవేలితో మూసి, పిస్టన్ నొక్కితే బుడగ కుదించుకుపోతుంది. వెనక్కి లాగితే ఉబ్బుతుంది. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు మందుల షాపులోనే ఉంది. అది తట్టక నేను అండమాన్ దాకా వెళ్లి ప్రాణం పణంగా పెట్టాను.

అయినా సముద్రంలో దిగి ఈ వింతలు చూడొద్దని ఎవరికీ చెప్పను. చిప్స్ ప్యాకెట్ నలగడం కళ్లతో చూసినవాడు పీడనాన్ని జన్మలో మరిచిపోడు. చూడండి, పిల్లలకు చూపించండి. కానీ గాజు తీసుకెళ్లకండి. పగిలి ముక్కలయ్యేది ఏదీ తీసుకెళ్లకండి. అడుగున దేనిలోనూ గాలి నింపి బిగించకండి. వస్తువు ఒకరు పట్టుకుంటే, ఆ మనిషిని చూసుకోవడానికే ఇంకొకరిని పెట్టుకోండి. వీడియో చెడిపోతే చెడిపోనివ్వండి. చివరి 10 మీటర్లు అన్నిటికంటే నెమ్మదిగా రండి. ఊపిరి మాత్రం వదులుతూనే రండి.